చివరివాని కోసం ఆగే సహవాసం

మన పల్లెల నుండి బిడ్డలు పరదేశాలకు వెళ్ళిన తరువాత మనం ఫోనులో అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒక్కటే. అన్నం తిన్నావా? జీతం వచ్చిందా? ఒంట్లో బాగుందా? ఆదివారం ఆరాధనకు వెళ్ళావా? ఈ నాలుగింటికీ జవాబు వస్తే మన మనసు కుదుటపడుతుంది. "పని ముగిసిన తరువాత నీ పక్కన ఎవరుంటారు? ఒక వారం నీవు కనబడకపోతే ఎవరు అడుగుతారు?" అని అడిగేవారు తక్కువ. ఆ ప్రశ్నకు జవాబును మేము ఎదురుచూడని చోట చూశాము. అది సింగపూరు ద్వీపంలో తెల్లవారుజామున పరుగెత్తేవారి మధ్య, సైకిలు తొక్కేవారి మధ్య.

మా అక్కయ్య కుమారుడు 2022లో సింగపూరులో ఉద్యోగానికి చేరాడు. మొదటి ఎనిమిది నెలలు ఆఫీసు, గది, ఫోను, ఇంతే అతని లోకం. "వాడి మాట తగ్గిపోయింది తమ్ముడూ, అడిగినదానికి ఊఁ అంటాడు, ఉహుఁ అంటాడు" అని అక్కయ్య బాధపడేది. తరువాత కొన్నాళ్ళకు అతని మాటలో వెలుగు వచ్చింది. కారణమేమని అడిగితే, శనివారం ఉదయం పరుగుకు వెళుతున్నానన్నాడు. మా బావగారికి ఇది నచ్చలేదు. "ఉద్యోగానికి పంపితే ఈ పరుగులేమిటి?" అన్నారు. ఆయన అన్నదానిలో వింత లేదు. మన వైపు కాలువగట్టు మీద చీకటితో పరుగెత్తే కుర్రవాడు కనిపిస్తే, పోలీసు ఉద్యోగానికో సైన్యానికో తయారవుతున్నాడని అర్థం. ఏ ఉద్యోగం కోసమూ కాక, ఊరకే పదిమందితో కలిసి పరుగెత్తేవారిని మనం ఎరుగము. 2024 జూన్‌లో మేము దంపతులం మూడు వారాలు అతని దగ్గర ఉండి, ఈ సంగతి ఏమిటో కన్నులారా చూశాము.

చిన్న ద్వీపం, పొడవైన దారులు

సింగపూరు మలేషియా దేశానికి దక్షిణపు కొసన, భూమధ్యరేఖకు ఒక్క డిగ్రీ పైన ఉన్న ద్వీపం. తూర్పు నుండి పడమటికి సుమారు 50 కిలోమీటర్లు, ఉత్తరం నుండి దక్షిణానికి సుమారు 27 కిలోమీటర్లు. దానిలో అన్నిటికంటె ఎత్తైన బుకిత్ తిమా కొండ 164 మీటర్లే. ఇంత కొద్ది నేల మీద 2024లో 60 లక్షలకు పైగా జనం నివసిస్తున్నారు. చీనీయులు, మలయులు, భారతీయులు, ఇంకా అనేక జాతులవారు అందులో ఉన్నారు. మలయు, చీనీ, తమిళం, ఇంగ్లీషు ఆ దేశపు నాలుగు అధికార భాషలు. తెలుగువారు కూడా చాలాకాలంగా ఉన్నారు. అక్కడి తెలుగు సమాజం 1975లోనే ఏర్పడింది.

ఆ ద్వీపంలో ఏడాది పొడుగునా ఉదయం ఏడు గంటల ప్రాంతంలో సూర్యోదయమవుతుంది. ఎండ కంటె ఉక్క ఎక్కువ. మన కోనసీమలో వానకు ముందు ఉండే ఉక్క అక్కడ నిత్యమూ ఉంటుంది. అందుచేత పరుగైనా సైకిలైనా తెల్లవారుజామునో, పొద్దు గుంకిన తరువాతనో.

ఇందుకోసం ఆ ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. ఒక పార్కు నుండి మరొక పార్కుకు నడిచేవారికి, సైకిలు తొక్కేవారికి వేరుగా దారులు వేసింది. 1990లలో మొదలైన ఆ దారులు ఇప్పుడు 300 కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. కాలువల వెంబడి, ఇళ్ళ సముదాయాల వెనుక, వంతెనల కింద అవి సాగుతాయి. ద్వీపాన్ని చుట్టివచ్చే 150 కిలోమీటర్ల దారిని కూడా తలపెట్టి, అందులో తూర్పు వైపు 75 కిలోమీటర్లు 2021లో పూర్తిచేశారు. మలేషియా రైళ్ళు పూర్వం ద్వీపం మధ్యగా దక్షిణపు రేవు దగ్గరి స్టేషను వరకు వచ్చేవి. 2011లో అవి ఆగిపోయినప్పుడు పట్టాలు తీసివేసి, 24 కిలోమీటర్ల ఆ నేలను అమ్ముకోకుండా నడక దారిగా ఉంచారు. అడుగు నేల బంగారమైన చోట ఇది చిన్న సంగతి కాదు.

అయితే దారి ఉన్నంతమాత్రాన తోడు దొరకదు. ఆ దారుల మీద వేలమంది ఒంటరిగానే పోతుంటారు, చెవులలో పాటలు పెట్టుకొని, ఎవరి లోకం వారిదిగా. మా మేనల్లుడు కూడా మొదట అలాగే పరుగెత్తేవాడట.

శనివారపు పరుగు

ద్వీపపు ఆగ్నేయ తీరాన ఈస్ట్ కోస్ట్ పార్కు ఉంది. 1966లో మొదలుపెట్టి సముద్రాన్ని పూడ్చి సంపాదించిన నేల అది. 15 కిలోమీటర్ల పొడవున సరుగుడు చెట్లు, కొబ్బరి చెట్లు, ఇసుక. ఎదుట సముద్రంలో రేవు కోసం వేచివున్న ఓడలు బారులు తీరి కనిపిస్తాయి. అక్కడ 2014 నుండి శనివారం ఉదయం ఏడున్నరకు 'పార్క్‌రన్' అనే 5 కిలోమీటర్ల పరుగు జరుగుతుంది. శనివారం గనుక ఆదివారపు ఆరాధనకు అడ్డు రాదు. ఇది మాకు మొదట నచ్చిన సంగతి.

దీనికి రుసుము లేదు, బహుమతి లేదు. ఒకసారి పేరు నమోదు చేసుకుంటే గీతల గుర్తు ఉన్న చీటీ వస్తుంది. పరుగు ముగించినవారి చేతికి వరుస సంఖ్య గల చిన్న బిళ్ళ ఇస్తారు. ఆ బిళ్ళను, ఈ చీటీని ఒకరు యంత్రంతో చూస్తారు. ఎవరు ఎన్ని నిమిషాలలో వచ్చారో ఆ తరువాత తెలుస్తుంది. గడియారం పట్టుకొనేవారు, మలుపులో నిలిచి దారి చూపేవారు, బిళ్ళలు ఇచ్చేవారు, అందరూ జీతం లేని పరిచారకులే. ఒక వారం పరుగెత్తినవాడు మరొక వారం ఈ పనికి నిలబడతాడు.

ఇది పుట్టిన విధం చెప్పుకోదగినది. 2004 అక్టోబరు 2న లండను దగ్గరి బుషీ పార్కులో పాల్ సింటన్ హ్యూవిట్ అనే ఆయన దీనిని ప్రారంభించాడు. అప్పుడు ఆయన గాయపడి పరుగెత్తలేని స్థితిలో ఉన్నాడు. స్నేహితులకు దూరమైపోకూడదని, వారిని పిలిచి, తాను గడియారం పట్టుకొని నిలిచాడు. ఆ రోజు పరుగెత్తినవారు 13 మంది. పరుగెత్తలేని మనిషి మొదలుపెట్టిన ఆ పరుగు ఇప్పుడు అనేక దేశాలలో సాగుతున్నది. అందుకేనేమో, దానిలో బలహీనునికి చోటు మొదటి నుండీ ఉంది.

ఆ చోటు ఏమిటో మా ఇంటివారికి మొదటి శనివారమే తెలిసింది. ఆమెకు మోకాలి నొప్పి. తాను నడుస్తానని, నలుగురిలో నవ్వులపాలవుతానేమోనని వెనుకాడింది. "అత్తయ్యా, మీరు ఎంత నెమ్మదిగా నడిచినా చివరివారు కారు. మీ వెనుక ఒకరుంటారు" అన్నాడు మేనల్లుడు. నిజమే. ప్రతి పార్క్‌రన్‌లోనూ అందరికంటె వెనుక నడవడానికి ఒక పరిచారకుని నియమిస్తారు. చివరి మనిషి ముగించేవరకు ఆ వ్యక్తి ముందుకు పోకూడదు. ఆ రోజు ఆ పనిలో అరవై దాటిన ఒక చీనీ స్త్రీ ఉంది. మా ఇంటివారికి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆమెకు తెలుగు రాదు. అయినా ఇద్దరూ 58 నిమిషాలు కలిసి నడిచారు. పిల్లలెందరని వేళ్ళు చూపించి చెప్పుకున్నారు. వారు వచ్చేవరకు గడియారం ఆపలేదు, బిళ్ళలు సర్దలేదు, ఎవరూ విసుగుకొనలేదు. మొదట వచ్చినవానికి కొట్టినట్లే చివర వచ్చినవారికీ చప్పట్లు కొట్టారు.

పరిచయమయ్యే విధం

ఇదంతా వినడానికి సులభంగా ఉన్నా, కొత్తవానికి తలుపు ఒక్కరోజులో తెరుచుకోదు. మేనల్లుడు మాతో దాపరికం లేకుండా చెప్పాడు. "మొదటి మూడు వారాలు నాతో ఎవ్వరూ మాట్లాడలేదు మామయ్యా. గుడ్ మార్నింగ్ అంటే గుడ్ మార్నింగ్ అనేవారు. అంతే. మా ఊళ్ళో అయితే కొత్త మనిషి కనబడగానే ఎవరి తాలూకు అని అడుగుతారు గదా. ఇక్కడ అడగరు. మానేద్దామనుకున్నాను."

నాలుగవ వారం పరిచారకులు తక్కువయ్యారని తెలిసి, అతడు చీటీలు చూసే పనికి నిలబడ్డాడు. ఆ ఒక్క ఉదయమే వందకు పైగా మనుషులు అతని ఎదుటికి వచ్చి, తమ చీటీ చూపి, పేరు కనబరచి, థాంక్స్ చెప్పి వెళ్ళారు. తరువాతి శనివారం వారిలో పదిమంది అతనిని పేరు పెట్టి పిలిచారు. పరుగు చేయలేని పరిచయాన్ని పని చేసింది. మన సంఘాలలో కూడా ఇది చూస్తూనే ఉంటాము. వెనుక వరుసలో కూర్చొని వెళ్ళిపోయేవాడు ఏండ్ల తరబడి కొత్తవాడుగానే ఉంటాడు. ఒక పండుగనాడు చాపలు పరచిన వాడు మరుసటి వారానికి మనవాడైపోతాడు.

పరుగు తరువాత టీ కూడా ఇందులో భాగమే. అక్కడ హాకర్ సెంటర్లు అనబడే భోజనశాలలు ఉన్నాయి. ఒకే కప్పు కింద పదుల సంఖ్యలో చిన్న దుకాణాలు, మధ్యలో అందరికీ ఉమ్మడి బల్లలు. 2020లో యునెస్కో ఈ ఆచారాన్ని మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చింది. మలయు సోదరుడు హలాల్ దుకాణం నుండి, చీనీ వాడు గంజి దుకాణం నుండి, మనవారు దోసె దుకాణం నుండి తెచ్చుకొని ఒకే బల్ల మీద తింటారు. కొబ్బరిపాలు, గుడ్లు, చక్కెర కలిపి చేసే కయా అనే తీపిని కాల్చిన రొట్టెకు పూసి ఇస్తారు. మా ఇంటివారు దానిని ఇంటి దగ్గర చేయడానికి పద్ధతి అడిగి రాసుకున్నారు. వయసులో పెద్దవారిని అక్కడ ఏ జాతివారైనా అంకుల్, ఆంటీ అని పిలుస్తారు. వరసలు పెట్టి పిలిచే మనవారికి ఇది పరాయి ఆచారంలా అనిపించదు.

ఇక అసలు సంగతి. 2023లో మేనల్లునికి డెంగీ జ్వరం వచ్చింది. ఇంటికి చెప్పలేదు, అమ్మ భయపడుతుందని. రెండు శనివారాలు పరుగుకు పోలేదు. రెండవ శనివారం మధ్యాహ్నం ఒక చీనీ పెద్దాయన, ఒక తమిళ యువకుడు గది తలుపు తట్టారు. చేతిలో డబ్బా నిండా బియ్యపు గంజి. "రెండు వారాలు లేవు. ఎందుకు?" అని ఆ పెద్దాయన అడిగాడట. రక్తపరీక్షకు వారే తోడు వెళ్ళారు. ఈ మాట మాతో చెప్పేటప్పుడు మేనల్లుని గొంతు మారింది. అక్కయ్యకు ఈ సంగతి మేము ఊరికి తిరిగి వచ్చాక చెప్పాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "ఆ పెద్దాయన పేరేమిటి తమ్ముడూ? ప్రార్థనలో తలచుకుంటాను" అన్నది. బావగారు ఆ తరువాత పరుగు మాట ఎత్తి కోపపడలేదు.

సైకిళ్ళ గుంపు

మన ఊళ్ళలో సైకిలు వెనుకబడిపోయింది. మోటారు బండి కొనలేనివాడు తొక్కేది అనే తలంపు వచ్చింది. అక్కడ పెద్ద ఉద్యోగులు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి సైకిలు తొక్కుతారు. కొందరు ఒక్క రోజులో ద్వీపమంతా చుట్టివస్తారు.

గుంపుగా తొక్కడానికి చట్టం కట్టుదిట్టంగా ఉంది. రోడ్డు మీద తలకు హెల్మెట్ 2019 నుండి తప్పనిసరి. 2022 జనవరి 1 నుండి ఒక గుంపులో ఒకరి వెనుక ఒకరైతే 5 సైకిళ్ళు, ఇద్దరిద్దరుగా అయితే 10 సైకిళ్ళు మించకూడదు. ఒక గుంపుకు మరొక గుంపుకు మధ్య రెండు దీపస్తంభాల దూరం ఉంచమంటారు. కాలిబాట మీద గంటకు 10 కిలోమీటర్లు, సైకిలు దారి మీద 25 కిలోమీటర్లు మించరాదు. చీకటిలో ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం ఉండాలి.

ఒక ఉదయం అద్దె సైకిలు మీద అటువంటి గుంపు వెనుక మేమూ కొంత దూరం వెళ్ళాము. దారి తెలిసినవాడు ముందుంటాడు. గుంట కనబడితే చేతితో చూపుతాడు, ఆ సైగ ఒకరి నుండి ఒకరికి వెనుకదాకా వస్తుంది. అందరికంటె అనుభవశాలి వెనుక ఉంటాడు, ముందు కాదు. టైరు పంక్చరైనవాని దగ్గర ఆగేది అతడే. దీపాల దగ్గర ఆగిన ప్రతిసారీ మనుషులను లెక్కపెడతారు. తొమ్మండుగురు బయలుదేరితే తొమ్మండుగురు చేరాలి. నూరు గొర్రెల ఉపమానం చిన్ననాటి నుండి విన్న మనకు ఈ లెక్క కొత్తది కాదు.

అన్ని గుంపులూ ఒకే విధంగా ఉండవని కూడా చెప్పాలి. కొన్ని వేగం కోసమే తొక్కుతాయి. వెనుకబడినవాడు వెనుకనే. ఆ సంగతి వారు ముందుగానే చెబుతారు. కొందరి సైకిళ్ళ వెల మన రూపాయలలో లక్షలు. వాటిని చూసి అప్పు చేసేవారూ ఉన్నారు. 1938లో కౌలాలంపూరులో పుట్టి, 1962లో సింగపూరుకు వచ్చిన 'హ్యాష్ హౌస్ హారియర్స్' అనే పాత పరుగు కూటమి ఉంది. కాగితపు గుర్తులను వెదకుతూ అడవిదారులలో పరుగెత్తడం వారి ఆట. చివర బీరు తాగడం వారి ఆచారం. ఏ గుంపులో చేరాలో ఎంచుకొనే వివేకం బిడ్డలకు ఉండాలి.

శనివారం లేనివారు

ఒక సంగతి మా మనసును కలతపెట్టింది. ఓడల కర్మాగారాలలో, కట్టడాల మీద పనిచేసే మన సోదరులు అక్కడ ఎందరో ఉన్నారు. శనివారం ఏడున్నరకు వారిలో అనేకులు పనిలో ఉంటారు. పరుగుకు రుసుము లేకపోయినా ఆ గంట వారి చేతిలో లేదు. సెలవు ఆదివారం ఒక్కటే. బట్టలు ఉతుక్కోవాలి, ఇంటికి డబ్బు పంపాలి, నిద్రపోవాలి.

అటువంటి నలుగురు తెలుగు యువకులతో ఒక ఆదివారం ఆరాధన తరువాత మేము పులావ్ ఉబిన్‌కు వెళ్ళాము. ద్వీపానికి ఈశాన్యాన ఉన్న చిన్న ద్వీపం అది. చాంగీ రేవు నుండి చెక్క పడవ మీద వెళ్ళాలి. దానికి వేళలు లేవు. 12 మంది కూడితే బయలుదేరుతుంది. ఒకప్పుడు గ్రానైటు రాయి తీసిన గుంటలు ఇప్పుడు చెరువులయ్యాయి. రేకుల ఇళ్ళు, కోళ్ళు, బావులు, కొబ్బరి చెట్లు. "అయ్యగారూ, మన ఊరే!" అన్నాడు వారిలో ఒకడు, కర్నూలు వైపు కుర్రవాడు.

రేవు పక్కనే సైకిళ్ళు అద్దెకిస్తారు. ఎర్రమట్టి దారిలో ఎత్తుపల్లాలకు అలసిపోయి ఆగితే, అక్కడికి ప్రతివారం వచ్చే మలయు యువకులు జారిపోయిన మా గొలుసు బాగుచేసి, మాతోనే కలిసి వచ్చారు. పందికొక్కు కంటె పెద్దవైన అడవిపందులు దారికి అడ్డంగా పోయాయి. మధ్యలో ఉరుములు మొదలయ్యాయి. ఆ ద్వీపాలలో పిడుగులు ఎక్కువ. అందరమూ ఒక పందిరి కింద ముప్పావుగంట నిలిచాము. ఆ ముప్పావుగంటలోనే పేర్లు, ఊళ్ళు, తల్లిదండ్రుల సంగతులు తెలిశాయి. తిరిగివచ్చేటప్పుడు, మళ్ళీ నెల మొదటి ఆదివారం ఇదే రేవు దగ్గర కలుద్దామని వారిలో వారే చెప్పుకున్నారు. రెండు నెలల తరువాత ఆ కర్నూలు కుర్రవాడు ఫోను చేసి, ఇప్పుడు ఏడుగురము అని చెప్పాడు.

ఇంటివద్ద ఉన్న మనకు

పరదేశంలో బిడ్డలున్న తల్లిదండ్రులారా, మేము చూసినదాని నుండి కొన్ని మాటలు చెబుతాము. బిడ్డ పరుగుకో సైకిలుకో పోతానంటే పనిలేని పని అనుకోవద్దు. అక్కడి మనుషులలోనికి పోవడానికి అది ఒక వాకిలి. ఆదివారం మన భాషవారి సహవాసం ఎంత అవసరమో, వారంలో ఒక గంట ఆ నేలవారి సహవాసమూ అంత మేలు. మొదటి నెలలో ఎవరూ పలకరించకపోయినా మానవద్దని చెప్పండి. అదే రోజు, అదే గంట, అదే చోటికి వెళ్ళమనండి. ఒక చిన్న పనికి చేయి అందించమనండి. ఖరీదైన సైకిలు అక్కరలేదు, మంచి బూట్లు, నీళ్ళ సీసా చాలు. చేరిన గుంపు ఎటువంటిదో తెలుసుకోవడానికి ఒకే ఒక్క గుర్తు ఉంది. ముందు పోయేవాడు ఎంత వేగంగా పోతాడని కాదు, చివరివాని కోసం ఎవరు ఆగుతారని చూడమనండి.

ఈ రాత్రి ఫోను చేసినప్పుడు, అన్నం సంగతి, జీతం సంగతి అడిగిన తరువాత, ఈ ఐదవ ప్రశ్న కూడా అడగండి. "నాయనా, నీవు కనబడకపోతే నీ కోసం అడిగేవారు అక్కడ ఎవరున్నారు?" జవాబుగా ఒక్క పేరు చెప్పినా చాలు, ఆ పేరు రాసి పెట్టుకోండి. ఏ పేరూ రాకపోతే వారానికి ఒక గంట ఎక్కడికి వెళ్ళవచ్చునో ఆ బిడ్డతో కలిసి ఆలోచించండి.